సగం క్రిమిది, సగం ఒంటిది

2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్ రోగుల కోసం రెండు ఆసుపత్రులను కేటాయించింది. కోవిడ్ ఇంకా తగ్గనివాళ్లు సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రికి, తగ్గినవాళ్లు కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లాలి. ముఖం ఒకపక్క వాచినవాళ్లు, కన్ను మూతపడినవాళ్లు, ముక్కులోంచి నల్లటి స్రావం కారుతున్నవాళ్లు రెండుచోట్లా బారులు తీరారు. ఎక్కడ కేసు కనిపించినా ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుగా రాష్ట్రం దాన్ని ఆ నెలలోనే ప్రకటించింది. జులై నాటికి దేశం మొత్తం మీద కేసులు 45 వేలు దాటాయి.

ఆ బూజు అప్పటికప్పుడు పుట్టుకొచ్చింది కాదు. మ్యూకర్ తెగకు చెందిన శిలీంధ్రాలు కుళ్లిన ఆకుల్లో, పేడకుప్పల్లో, పాచిపోయిన రొట్టె మీద, తడిమట్టిలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి బీజాలు గాలిలో తేలుతూనే ఉంటాయి. 2021 వేసవికి ముందు కూడా జంటనగరాల్లో ప్రతి ఒక్కరూ వాటిని పీల్చారు, ఆ తర్వాతా పీలుస్తున్నారు. ఆ వేసవిలో మారింది మనుషుల ఒళ్లు. కోవిడ్ వైరస్ శ్వాసమార్గపు పొరను గాయపరిచింది. చాలామందిలో షుగరు అదుపు తప్పింది. ప్రాణాలు నిలబెట్టిన స్టెరాయిడ్లు, అవసరానికి మించి వాడినచోట, కాపలా కాసే తెల్లరక్తకణాలను నిద్రపుచ్చాయి. అన్నాళ్లూ ఊరికే వచ్చిపోయిన బీజం అప్పుడు వేళ్లూనింది.

ఊపిరితిత్తుల జబ్బుల గురించి గత ఇరవై ఏళ్లలో తేలిన విషయాలన్నీ ఈ ఒక్క సంఘటన చుట్టూ చేర్చి చెప్పవచ్చు. జబ్బుకు కారణమేమిటి అంటే క్రిమి పేరు చెప్పి ఊరుకునే అలవాటు మనది. అది సగం జవాబే. రెండో సగం దేహరక్షణలో ఉంది. ఆ రక్షణ బలహీనపడినా ముప్పే, శ్రుతి మించినా ముప్పే. 2016 లెక్కల ప్రకారం మన దేశంలో సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) రోగులు సుమారు 5.5 కోట్లు, ఉబ్బస రోగులు సుమారు 3.8 కోట్లు. ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతం. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల వల్ల ప్రపంచం నష్టపోతున్న ఆరోగ్య సంవత్సరాల్లో మాత్రం మన వాటా 32 శాతం. ఇంత భారం మోస్తున్న దేశానికి రెండో సగం జవాబు అక్కర్లేదనుకునే వీలు లేదు.

ఖాళీ అనుకున్న చోట

ఎదిగిన మనిషి రోజుకు సుమారు పదివేల లీటర్ల గాలి పీలుస్తాడు. అందులో దుమ్ము, పుప్పొడి, పొగ, బ్యాక్టీరియా, వైరస్‌లు, శిలీంధ్ర బీజాలు అన్నీ ఉంటాయి. ముక్కులోని వెంట్రుకలు పెద్ద రేణువులను ఆపుతాయి. శ్వాసనాళాల లోపలి గోడకు పూసినట్టుండే జిగట శ్లేష్మం మిగిలినవాటిని పట్టుకుంటుంది. దాని కింద కంటికి కనిపించని శైలికలు ఒకే దిశలో కొట్టుకుంటూ ఆ శ్లేష్మాన్ని గొంతు వైపు నెడతాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం, ఎక్కువైతే దగ్గి ఉమ్మేస్తాం. ఆ శ్లేష్మంలోనే ఐజీఏ అనే యాంటీబాడీలుంటాయి. ఈ వడపోతలన్నీ దాటి వాయుగోణుల దాకా చేరిన క్రిమిని అక్కడ మాక్రోఫేజ్ కణాలు మింగి అరిగించుకుంటాయి. వైరస్ చొరబడితే కణాలు ఇంటర్‌ఫెరాన్ విడుదల చేసి పక్క కణాలను హెచ్చరిస్తాయి.

ఇంత కట్టుదిట్టం ఉంది కాబట్టి ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల్లో క్రిములే ఉండవని వైద్య విద్యార్థులు తరతరాలుగా చదువుకున్నారు. మనిషి ఒంటిమీది సూక్ష్మజీవుల పటం గీయడానికి అమెరికా 2007లో పెద్ద పరిశోధన తలపెట్టినప్పుడు ముక్కు, నోరు, చర్మం, జీర్ణనాళం, జననమార్గం ఎంచుకున్నారు. ఊపిరితిత్తులకు ఆ జాబితాలో చోటే లేదు.

2010లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు మార్కస్ హిల్టీ, మిరియం మోఫట్, విలియం కుక్సన్ బృందం ఆ నమ్మకాన్ని కదిపింది. ప్రయోగశాల పళ్లెంలో పెంచి చూసే పాత పద్ధతిలో చాలా బ్యాక్టీరియా పెరగదు, కనిపించదు. వాళ్లు శ్వాసనాళాల నుంచి తీసిన నమూనాల్లో నేరుగా బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని చదివారు. జబ్బులేనివారి శ్వాసనాళాల్లోనూ బ్యాక్టీరియా ఉంది. అందులో ప్రివొటెల్లా వంటివి ఎక్కువ. ఉబ్బసం, సీఓపీడీ ఉన్నవారిలో కూర్పు వేరు. హిమోఫిలస్ వంటి ప్రోటియోబ్యాక్టీరియా వర్గం అక్కడ పెరిగింది.

పేగుల్లోలా ఊపిరితిత్తుల్లో క్రిములు కాపురం పెట్టి తరతరాలు ఉండవు. నోటిలోని లాలాజలం నిద్రలో కాస్త కాస్త గాలిగొట్టంలోకి జారుతుంది. దానితో వచ్చేవి వస్తుంటాయి, దగ్గుతో, శైలికల కదలికతో పోయేవి పోతుంటాయి. ఆరోగ్యమంటే ఈ రాకపోకలు ఒక లెక్కలో సాగడమే. జబ్బు పడిన ఊపిరితిత్తిలో పోవడం తగ్గుతుంది. పేరుకున్న శ్లేష్మం, ఆక్సిజన్ తక్కువైన మూలలు కొన్ని జాతులకు అనుకూలిస్తాయి. నారు ఒత్తుగా ఉన్న మడిలో కలుపుకు చోటు దొరకదు. నారు పలచబడితే మొదట మొలిచేది కలుపే. న్యూయార్క్ పరిశోధకులు 2016లో ఇంకో సంగతి గమనించారు: నోటి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లో ఎక్కువగా ఉన్నవారిలో, పైకి ఆరోగ్యంగానే ఉన్నా, లోపల ఒక తరహా వాపు కణాలు చురుగ్గా ఉన్నాయి. అంటే ఈ అతిథులు కాపలాదారులను ఎంతోకొంత మేల్కొలిపి ఉంచుతున్నాయి. అది మేలో కీడో మోతాదును బట్టి ఉంటుంది.

క్షయ: తలుపు తీసేది ఎవరు?

తెలుగు నేలకు ఈ ప్రశ్నతో పాత పరిచయం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పేర్లు వింటే పాతతరంవారికి గుర్తొచ్చేది క్షయ. మందులు లేని రోజుల్లో శానిటోరియంలో ఇచ్చింది మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. క్రిమిని చంపే సాధనం చేతిలో లేక, ఒంటికి బలమివ్వడమే చికిత్స అయింది. 1940లు, 50లలో స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వచ్చాక ఆ ఆలోచన వెనక్కి పోయింది. అది పూర్తిగా తప్పు కాదని ఇప్పుడు తెలుస్తోంది.

టీబీ క్రిమి ఒంట్లో చేరిన పదిమందిలో తొమ్మిది మందికి జీవితాంతం జబ్బు రాదు. వారి మాక్రోఫేజ్‌లు, టి కణాలు కలిసి క్రిమి చుట్టూ గడ్డకట్టినట్టు ఒక ముద్దగా చేరి దాన్ని బంధిస్తాయి. ఈ బంధనం ఎంత ముఖ్యమో 2001లో అనుకోకుండా బయటపడింది. కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు టీఎన్ఎఫ్ అనే రక్షణ సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఆ మందు తీసుకున్నవారిలో 70 మందికి టీబీ బయటపడినట్టు ఆ ఏడాది వైద్యులు నివేదించారు. క్రిమి అంతకుముందే లోపల ఉంది. సంకేతం ఆగగానే కట్టు తెగింది. షుగరు ఉన్నవారికి టీబీ ముప్పు దాదాపు మూడింతలు కావడానికీ, హెచ్ఐవీ సోకినవారిని టీబీ ముందుగా పట్టడానికీ మూలం ఇలాంటిదే.

బీసీజీ టీకా కథ మదనపల్లె మీదుగానే నడుస్తుంది. 1950లలో ఆరోగ్యవరం వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీని పరీక్షించారు. తొలి ఏళ్లలో కనిపించిన రక్షణ పోనుపోను తగ్గిపోయింది. తర్వాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో లక్షల మందితో మొదలైన ప్రయోగం మరింత నిరాశ మిగిల్చింది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదు. బ్రిటన్‌లో బాగా పనిచేసిన టీకా ఇక్కడ ఎందుకు విఫలమైంది? ఎక్కువమంది శాస్త్రవేత్తలు చెప్పే ఒక వివరణ ఇది: మన మట్టిలో, నీటిలో టీబీ క్రిమికి దాయాదులైన, సాధారణంగా హాని చేయని మైకోబ్యాక్టీరియా చాలా ఉంది. చిన్నప్పటినుంచీ వాటిని పీల్చి, తాగి పెరిగిన ఒంటికి టీకా కొత్తగా నేర్పేది తక్కువ, లేదా ఆ పాత పరిచయమే టీకాను నిలదొక్కుకోనివ్వదు. పసిపిల్లలకు మాత్రం మెదడువాపు టీబీ నుంచి, ఒళ్లంతా పాకే టీబీ నుంచి బీసీజీ కాపాడుతుంది. అందుకే పుట్టగానే వేస్తున్నాం.

ఇక తిండి సంగతి. జార్ఖండ్‌లో 2019-22 మధ్య జరిగిన రేషన్స్ ప్రయోగంలో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ బృందం 2,800 మంది టీబీ రోగుల కుటుంబాలను ఎంచుకుంది. సగం ఇళ్లలో రోగితోపాటు ఇంటిల్లిపాదికీ నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చింది. మిగతా ఇళ్లలో రోగికే ఇచ్చింది. ఇంటిల్లిపాదీ తిన్న ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే రకం టీబీ 48 శాతం తగ్గింది. ఈ ఫలితం 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొత్త మందు లేదు, కొత్త టీకా లేదు. అన్నం, పప్పు రక్షణకణాలకు అందాయి.

కేంద్రం 2018 నుంచి టీబీ రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేస్తూ వచ్చి, 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. జార్ఖండ్ ఫలితం కుటుంబమంతటి గురించి చెబుతోంది. ఆ తేడాను విధానం రాసేవాళ్లు గమనించాలి.

కాపలా శ్రుతి మించితే

ఆరోగ్యవరం నుంచే ఇంకో కథ మొదలైంది. 1940లో అక్కడి వైద్యులు సి. ఫ్రిమోట్-మోలర్, ఆర్.ఎం. బార్టన్ ఒక వింత జబ్బును ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వర్ణించారు. రోగులకు రాత్రిళ్లు తెరలు తెరలుగా దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. ఎక్స్‌రేలో టీబీ లాంటి మచ్చలు. తెమడలో మాత్రం క్రిమి లేదు. రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా ఉన్నాయి. క్షయ కాని క్షయ అది. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టి, ఆర్సెనిక్ మందుతో నయమవుతోందని రాశాడు. ఎందుకు నయమవుతోందో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు.

1960లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు రోగుల ఊపిరితిత్తుల ముక్కల్లో ఫైలేరియా పిల్లపురుగులను చూపించడంతో ముడి వీడింది. బోదకాలు తెచ్చే ఆ పురుగుల సంతానం సాధారణంగా రాత్రిపూట రక్తంలో ఈదుతూ దొరుకుతుంది. ఈ రోగుల రక్తంలో ఒక్కటీ దొరకదు. వీరి దేహరక్షణ అతి చురుకు. పిల్లపురుగు ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లోకి రాగానే ఇసినోఫిల్స్, ఐజీఈ యాంటీబాడీలు విరుచుకుపడి చంపేస్తాయి. ఆ దాడిలో ఊపిరితిత్తి కూడా గాయపడుతుంది. ఒకే ఊరిలో అదే దోమ కుట్టిన ఇద్దరిలో ఒకరికి కాలు వాచవచ్చు, ఇంకొకరికి దగ్గు పట్టవచ్చు. తేడా పురుగులో లేదు.

దీనికి నేటికీ వాడే మందు డైఇథైల్‌కార్బమజీన్, డీఈసీ. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని వెలుగులోకి తెచ్చిన పరిశోధనను నడిపించినవాడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మూడు వారాలు ఆ మాత్రలు వేసుకుంటే చాలామందికి ఊపిరి తేలికపడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఫైలేరియా నిర్మూలనకు ఇంటింటికీ పంచిన మాత్రల్లో ఉన్నదీ అదే. ఆంధ్ర దేశపు శానిటోరియంలో కనిపించిన జబ్బుకు ఆంధ్రుడి ప్రయోగశాల నుంచే మందు రావడం తెలుగు పాఠ్యపుస్తకాలకు ఎక్కాల్సిన చరిత్ర.

ఉబ్బసంలోనూ దోషం అతి స్పందనదే. పుప్పొడి, దుమ్ము పురుగులు, జలుబు వైరస్‌లు తగిలితే ఇసినోఫిల్స్ రెచ్చిపోయి శ్వాసనాళాలు వాస్తాయి, బిగుసుకుంటాయి. అసలు ఆ స్వభావం ఎలా ఏర్పడుతుంది? డెన్మార్క్‌లో ఉబ్బసం ఉన్న తల్లులకు పుట్టిన 321 మంది శిశువులను నెల వయసులో పరీక్షించారు. గొంతులో న్యూమోకాకస్, హిమోఫిలస్, మొరాక్సెల్లా బ్యాక్టీరియా ఉన్న పిల్లలకు ఐదేళ్లు నిండేసరికి ఉబ్బసం వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నట్టు 2007లో తేలింది. అమెరికాలో అమిష్, హటరైట్ అనే రెండు వ్యవసాయ సమాజాలున్నాయి. రక్తసంబంధం దగ్గరిదే, తిండి దాదాపు ఒకటే. అమిష్ పిల్లలు ఇంటి పక్కనే పశువుల కొట్టాల్లో ఆడుకుంటారు. హటరైట్లది యంత్రాలతో నడిచే, ఇళ్లకు దూరమైన సేద్యం. 2016 నాటి నివేదికలో అమిష్ బడిపిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. పశువుల దుమ్ములోని సూక్ష్మజీవుల శకలాలు పసివయసులో రక్షణకణాలకు ఓర్పు నేర్పుతాయని పరిశోధకుల అంచనా.

దీన్ని పట్టుకుని మురికిలో పెంచితే మేలనుకోకూడదు. మన పల్లెల్లో పేడదుమ్ముతోపాటు కట్టెపొయ్యి పొగ కూడా ఉంటుంది. ఆ పొగ శైలికలను దెబ్బతీసి మొదటి కాపలానే కూలదోస్తుంది.

ఉబ్బసమంటే జంటనగరాల్లో మృగశిర కార్తె చేప మందు తలపుకు రాకుండా ఉండదు. బత్తిని కుటుంబం 1845 నుంచి ఇస్తున్నామని చెప్పే ఈ మందు కోసం జూన్‌లో దేశం నలుమూలల నుంచి జనం సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళతారు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి మింగిస్తారు, శాకాహారులకు బెల్లంలో ఇస్తారు. జనవిజ్ఞాన వేదిక అభ్యంతరాల తర్వాత దాన్ని చేప ప్రసాదం అంటున్నారు. ఉబ్బసం మీద అది పనిచేస్తుందని నియమబద్ధమైన వైద్య ప్రయోగమేదీ నిరూపించలేదు. ఊపిరి అందని బిడ్డను ఎత్తుకుని రాత్రంతా వరసలో నిలబడే తల్లి ఆరాటం మాత్రం నిజం. ఆమెకు ఎవరైనా చెప్పవలసిన మాట ఒకటుంది: నాళాల వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మైక్రోగ్రాముల మోతాదులో నేరుగా వాపున్న చోటికే వెళుతుంది. అది అలవాటు పడిపోయే మందు కాదు. దాన్ని మానేసి, ఆయాసం వచ్చినప్పుడల్లా నాళాలు వదులు చేసే నీలం పంపు ఒక్కటే వాడటమే ప్రమాదం. ఆ పంపు ఒక్కదాని మీదే ఆధారపడవద్దని ప్రపంచ ఉబ్బస మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి.

పాత గాయాల్లో కొత్త కాపురాలు

టీబీ నయమైంది, మందుల కోర్సు పూర్తయింది, కార్డు మూసేశారు. అయినా ఏళ్ల తరబడి పొద్దున్నే గ్లాసెడు తెమడ పడే మనుషులు తెలుగునాట ప్రతి ఊరిలో కనిపిస్తారు. వారిది బ్రాంకియెక్టాసిస్. మానిన గాయం లాగేయడంతో శ్వాసనాళాలు శాశ్వతంగా సాగి, సంచుల్లా మారతాయి. 2019లో వెలువడిన భారత రిజిస్ట్రీలో 31 కేంద్రాల నుంచి 2,195 మంది ఇలాంటి రోగులను నమోదు చేశారు. ఐరోపాలో కారణం తెలియని కేసులే ఎక్కువ. మన దగ్గర మొదటి కారణం గతంలో వచ్చిన టీబీ, 35.5 శాతం మందిలో.

ఆ సంచుల్లో తెమడ నిలుస్తుంది. నిలిచిన చోట సూడోమోనాస్ వంటి మొండి క్రిములు చేరతాయి. వాటిని తరమడానికి న్యూట్రోఫిల్ కణాలు గుంపులుగా వచ్చి ఎలాస్టేజ్ అనే ఎంజైమును కక్కుతాయి. అది క్రిమితోపాటు నాళం గోడనూ కరిగిస్తుంది. గోడ ఇంకా సాగుతుంది, తెమడ ఇంకా నిలుస్తుంది. బ్రిటిష్ వైద్యుడు పీటర్ కోల్ 1980లలో ఈ విషవలయాన్ని వివరించాడు. ఎక్కడ తెంపాలన్నదే అప్పటినుంచి ప్రశ్న. క్రిమి దగ్గర తెంపుదామని యాంటీబయాటిక్స్ వాడుతున్నాం. రెండో దారి 2025లో తెరుచుకుంది. న్యూట్రోఫిల్ ఎంజైములు సిద్ధం కాకుండా అడ్డుకునే బ్రెన్సోకాటిబ్ అనే మాత్ర జబ్బు తిరగబెట్టడాన్ని దాదాపు ఐదో వంతు తగ్గించినట్టు 1,700 మందికి పైగా పాల్గొన్న ప్రయోగంలో తేలింది. ఆ ఏడాది ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని అనుమతించింది. క్రిమిని ఏమాత్రం తాకని మందు ఇది.

అజిత్రోమైసిన్ ఈ రెండు దారుల మధ్య ఉంది. అది యాంటీబయాటిక్, వాపు తగ్గించే గుణమూ ఉంది. 2011లో సీఓపీడీ రోగులకు ఏడాదిపాటు రోజూ ఇస్తే ఆయాసం ముదిరే సందర్భాలు తగ్గాయి, కొందరికి వినికిడి తగ్గింది. 2017లో ఆస్ట్రేలియాలో అదుపు కాని ఉబ్బసం ఉన్న 420 మందిలో సుమారు సగానికి 48 వారాలపాటు, వారానికి మూడుసార్లు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో ఏడాదికి 1.86 సార్లు తిరగబెట్టిన జబ్బు, అజిత్రోమైసిన్ తీసుకున్నవారిలో 1.07 సార్లే తిరగబెట్టింది. ఈ ఫలితాలు జాగ్రత్తగా ఎంపిక చేసి, చెవులూ గుండె లయా పరీక్షించి, నిపుణులు నెలల తరబడి కనిపెట్టి చూసిన రోగులవి. మెడికల్ షాపులో చీటీ లేకుండా జలుబుకు కొనే మూడు మాత్రల కోర్సుకు వీటితో సంబంధం లేదు. కోవిడ్‌లో మన ఇళ్లలో విచ్చలవిడిగా మింగిన అజిత్రోమైసిన్ ఆసుపత్రిలో చేరిన రోగులకు ఏ మేలూ చేయలేదని బ్రిటన్ రికవరీ ప్రయోగం 2021లో తేల్చింది. అనవసరపు కోర్సు ప్రతిదీ నోటి, గొంతు బ్యాక్టీరియాలో మందుకు లొంగనివాటిని మిగిల్చిపోతుంది.

సమయమే మందు, సమయమే విషం

రికవరీ ప్రయోగమే 2020 జూన్‌లో స్టెరాయిడ్ గురించి చెప్పిన మాట ఈ మొత్తం చర్చకు మంచి రుజువు. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారివి ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఉపయోగపడలేదు. తొలి రోజుల్లో వైరస్‌తో పోరాడేది ఇంటర్‌ఫెరాన్. ఆ దశలో స్టెరాయిడ్ ఇస్తే పోరాడేవారి చేతులు కట్టినట్టే. వారం దాటాక ఊపిరితిత్తిని నాశనం చేస్తున్నది రక్షణకణాల వీరంగం. అప్పుడు అదే మందు ప్రాణం పోస్తుంది. ప్రాణాంతక కోవిడ్ రోగుల్లో పదిమందిలో ఒకరికి తమ ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయని జాన్-లోరాన్ కాసనోవా బృందం 2020లో కనిపెట్టింది. వారికి వైరస్ కన్నా ముందు తమ ఒళ్లే ఎదురు తిరిగింది.

ఈ మెలిక అంతటినీ ఒకే రోగిలో చూపిన సంఘటన సికింద్రాబాద్‌లో జరిగింది. సార్కాయిడోసిస్‌తో ఊపిరితిత్తులు పాడై, ఆపై కోవిడ్ కూడా సోకిన ఒక యువకుడికి మినిస్టర్ రోడ్డులోని కిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సందీప్ అత్తావర్ బృందం 2020లో రెండు ఊపిరితిత్తులూ మార్చింది. సార్కాయిడోసిస్‌లో టీబీలో లాంటి ముద్దలే ఏర్పడతాయి, బంధించడానికి క్రిమి మాత్రం కనిపించదు. కాపలా తనంతట తానే లేచి గోడలు కడుతుంది. మార్పిడి తర్వాత చిక్కు ఇంకో రూపం తీసుకుంటుంది. కొత్త ఊపిరితిత్తిని పరాయిదని తిరస్కరించకుండా ఉండాలంటే రక్షణను జీవితాంతం మందులతో అణచాలి. అణచితే శిలీంధ్రాలు, వైరస్‌లు, టీబీ పొంచి ఉంటాయి. గుండె, కిడ్నీ మార్పిళ్లతో పోలిస్తే ఊపిరితిత్తుల మార్పిడి ఫలితాలు తక్కువకాలం నిలవడానికి ఇదొక ముఖ్య కారణం. మిగతా అవయవాలు ఒంట్లో మూసి ఉంటాయి, ఇది ప్రతి శ్వాసకూ బయటి గాలికి తెరుచుకుంటుంది.

రక్షణను అణచడమే కాదు, ముందుగా తర్ఫీదు ఇవ్వడమూ సాధ్యమే. ఆ పనికి హైదరాబాద్ పెట్టింది పేరు. చేతికి వేసే టీకా రక్తంలో యాంటీబాడీలను పెంచుతుంది, ముక్కులోని ఐజీఏను అంతగా పెంచదు. భారత్ బయోటెక్ తెచ్చిన ముక్కు టీకా ఇన్‌కోవాక్‌కు 2022 సెప్టెంబరులో అనుమతి వచ్చింది, 2023 జనవరి 26న విడుదలైంది. క్రిమి ప్రవేశించే ద్వారం దగ్గరే కాపలా పెట్టాలన్నది దాని వెనుక ఆలోచన. పిల్లల న్యుమోనియాకు ప్రధాన కారణమైన న్యూమోకాకస్ ముందు ముక్కులోనే చేరి కూర్చుంటుంది. దాన్ని అడ్డుకునే టీకా 2021లో దేశమంతటా ఉచిత టీకాల జాబితాలోకి వచ్చింది. హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ సొంతంగా తయారుచేసిన 14 రకాల న్యూమోకాకస్ టీకాకు 2022 డిసెంబరులో అనుమతి లభించింది. ఈ టీకా పొందిన పిల్లల ముక్కులో క్రిమి తగ్గితే, టీకా పొందని తాతలకూ నానమ్మలకూ అది తక్కువగా అంటుతుంది. మనిషికి సోకే టీబీ క్రిమినే బలహీనపరిచి స్పెయిన్‌లో రూపొందించిన ఎంటీబీవాక్ టీకా పరీక్షలను భారత్ బయోటెక్ 2024లో మన దేశంలో మొదలుపెట్టింది. బీసీజీ పశువుల టీబీ క్రిమి నుంచి వచ్చింది కాబట్టి, ఈ మార్పు ఫలిస్తుందా అన్నది పెద్దవారి మీద జరిగే పరీక్షల్లోనే తెలియాలి.

తేలినవి, తేలాల్సినవి

తేలినవాటిలో మొదటిది: ఊపిరితిత్తి క్రిమిరహితం కాదు, దానిలోని సూక్ష్మజీవుల కూర్పు జబ్బుతోపాటు మారుతుంది. రెండు: టీబీ, ఉబ్బసం, సీఓపీడీ, కోవిడ్, బ్లాక్ ఫంగస్ అన్నింటిలోనూ దెబ్బ ఎంత లోతున్నది దేహరక్షణ స్థితిని బట్టి ఉంటుంది. మూడు: ఒకే పేరున్న జబ్బులో రకరకాల మనుషులున్నారు. ఇసినోఫిల్స్ ఎక్కువున్న సీఓపీడీ రోగికి స్టెరాయిడ్ పంపు మేలు చేస్తుంది. అవి తక్కువున్న రోగికి అదే పంపు న్యుమోనియా ముప్పు తెస్తుంది. మామూలు రక్తపరీక్షలో ఈ తేడా తెలిసిపోతుంది.

కూర్పు మారడం వల్ల జబ్బు వస్తోందా, జబ్బు వల్ల కూర్పు మారుతోందా అన్నది ఇంకా తెగలేదు. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉండవచ్చు. పేగుల మాదిరిగా మంచి బ్యాక్టీరియాను ఊపిరితిత్తిలోకి పంపి జబ్బు నయం చేయవచ్చనే మాటకు ఇప్పటికి ఆధారం లేదు. ఆ పేరుతో ఎవరైనా అమ్మితే కొనకూడదు. పైగా ఈ జన్యుపటాల్లో అత్యధికం ఐరోపా, అమెరికా వాసుల శ్వాసనాళాలవి. టీబీ మచ్చ, ఫైలేరియా స్పందన, కట్టెల పొగ, షుగరు, మట్టిలోని మైకోబ్యాక్టీరియా అన్నీ కలిసిన తెలంగాణ, ఆంధ్ర ఊపిరితిత్తికి ఆ పటం సరిపోతుందని ఊహించుకోకూడదు. తార్నాక దాటితే సీసీఎంబీ పరిశోధన సంస్థ ఉంది. కోవిడ్ వైరస్ జన్యువరుసలను వేలల్లో చదివిన అనుభవం దానికుంది. గాంధీ, ఎర్రగడ్డ ఆసుపత్రులకు రోజూ వచ్చే రోగుల తెమడను, అనుమతితో, ఏళ్లపాటు వరుసగా చదివితే మన పటం మనకు దొరుకుతుంది. ఇది డబ్బు కన్నా పట్టుదల కోరే పని.

ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి, అవి ఖరీదైనవీ కావు. టీబీ తేలిన ప్రతి రోగికి షుగరు పరీక్ష, షుగరు ఉండి రెండు వారాలు దాటి దగ్గుతున్న ప్రతి ఒక్కరికీ తెమడ పరీక్ష. టీబీ ఇంటికి జార్ఖండ్ లెక్కలో కుటుంబమంతటికీ పప్పుబియ్యం. బ్రాంకియెక్టాసిస్ రోగికి యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందు తెమడ కల్చర్, నెలల తరబడి అజిత్రోమైసిన్ రాసేముందు మైకోబ్యాక్టీరియా లేదన్న నిర్ధారణ. ఫైలేరియా ఉన్న తీరప్రాంతం నుంచి రాత్రిదగ్గుతో వచ్చే మనిషికి టీబీ మందు కన్నా ముందు ఇసినోఫిల్ లెక్క. స్టెరాయిడ్ ఇచ్చినన్ని రోజులూ షుగరు మీద కన్ను. వీటిలో చాలా పరీక్షలు జిల్లా ఆసుపత్రుల్లో ఇప్పటికే జరుగుతున్నాయి. జాగ్రత్తగా అడిగే వైద్యుడు, చీటీ లేకుండా మందు అమ్మని షాపు, కుటుంబాన్ని లెక్కలోకి తీసుకునే టీబీ కార్యక్రమం కలిస్తే అవి ఒక పద్ధతిగా మారతాయి. ఆ పద్ధతిని ముందుగా అమలు చేసి చూపగల ఆసుపత్రులు, ప్రయోగశాలలు, టీకా కర్మాగారాలు అన్నీ ఒకే ఊరిలో ఉన్న అరుదైన చోటు ఈ జంటనగరాలు.